"ఏడవకు, దేవుడున్నాడు" అనే ముందు

కష్టం వచ్చిన ఇంట్లో పిల్లల ముందు మన నోటికి మొదట వచ్చే మాట ఒకటుంది. "ఏడవకు నాన్నా, దేవుడున్నాడు." ఆ మాట అనేటప్పుడు మన గొంతే వణుకుతుంటుంది. చెప్పేది అబద్ధం కాదు, మనం నమ్మిందే చెబుతున్నాం. అయినా ఆ మాట విన్న పిల్లలు కొందరు ఆ రోజు నుంచి ఏడవడం మానేస్తారు. దేవుడితో మాట్లాడడం కూడా మానేస్తారు. నర్సీపట్నం చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెబుతూ, ఆదివారాలు సండే స్కూల్లో పిల్లల మధ్య కూర్చుంటూ వచ్చినదాన్ని కాబట్టి అమ్మానాన్నలు నా దగ్గర మనసు విప్పుతుంటారు. "మేడమ్, వాళ్ళ నాన్న పోయినకాడి నుంచి గుంటడు ప్రార్థనకి కూర్చోడు" అంటుంది ఒక తల్లి. ఇంకొక తల్లి బాధ దానికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది: "పాప రాత్రి పన్నెండైనా మోకాళ్ళ మీదే ఉంటోంది మేడమ్, పడుకోమంటే భయపడిపోతోంది." ఈ రెండూ ఒకే చోట పుట్టిన బాధలంటే మొదట ఎవరూ నమ్మరు.

మన ప్రాంతానికి కష్టాలు కొత్తవి కావు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పైనున్న మన్యంలో కాఫీ తోటలకి నీడనిచ్చే చెట్లను నేలకూల్చింది. 2021 వేసవిలో కోవిడ్ రెండో విడత ఎన్ని ఇళ్ళ దీపాలు ఆర్పిందో మనందరికీ గుర్తే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. 2025 ఏప్రిల్ 13న మనకి కూతవేటు దూరంలో, కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు మట్టల ఆదివారం. పొద్దున పిల్లలు మట్టలు పట్టుకుని హోసన్నా అని పాడుకుంటూ మందిరం చుట్టూ తిరిగిన రోజు. హుద్‌హుద్ వచ్చిందీ ఆదివారమే.

ఒక పాప సండే స్కూల్లో అడిగింది: "ఏడో రోజు దేవుడు విశ్రాంతి తీసుకున్నాడని చెప్పారు కదా టీచర్, అందుకేనా ఆదివారం చూసుకోలేదు?" వెనక వరసలో ఉన్న పెద్దలు ఉలిక్కిపడ్డారు. ఒకావిడ "తప్పు, అలా అనకూడదు" అని కసిరింది. ఆ పాప తప్పేమీ అనలేదు. మనం నేర్పిన పాఠాన్ని, తను చూసిన కష్టాన్ని పక్కపక్కన పెట్టి పొసగించి చూస్తోంది. ఆ పని మనలో చాలామందిమి చెయ్యడం మానేశాం.

పిల్లలు మన మాటల్ని మనం చెప్పినట్టుగా వినరు. ముఖ్యంగా ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు అక్షరం అక్షరంగా తీసుకుంటారు. "దేవుడు మంచివాళ్ళని తొందరగా తీసుకుపోతాడు" అని శవం దగ్గర కూర్చున్న పెద్దలు ఒకరితో ఒకరు అనుకుంటారు. మూల కూర్చున్న పిల్లాడు వింటాడు. చెల్లి పోయిన తర్వాత బుద్ధిగా ఉండే ఒక అబ్బాయి ఉన్నట్టుండి బడిలో కొట్లాటలకి దిగాడు, పుస్తకాలు చింపాడు. ఎన్నాళ్ళకో బయటపడింది: మంచిగా ఉంటే తననీ తీసుకుపోతాడని భయం. అమ్మ ఒక్కతీ అయిపోతుందని చెడ్డవాడిగా ఉండడానికి పాపం చాలా కష్టపడ్డాడు. "దేవుడు తన తోటలోకి ఒక పువ్వు కోసుకున్నాడు" అని ఓదార్చిన ఇంట్లో పిల్ల తలలో పువ్వు పెట్టనివ్వదు. "నాన్న పైనుంచి నిన్నే చూస్తున్నాడు" అని చెప్పిన ఇంట్లో పిల్లాడు తువ్వాలు కట్టుకుని స్నానం చేస్తాడు. మనకి నవ్వూ వస్తుంది, కళ్ళలో నీళ్ళూ వస్తాయి. వాడికి మాత్రం అది నిజమైన ఇబ్బంది.

వీటన్నిటికంటే లోతైన భయం ఇంకొకటుంది, దాన్ని పిల్లలు నోరు విప్పి చెప్పరు. తమ వల్లే ఇదంతా జరిగిందని అనుకుంటారు. ఆ రాత్రి నిద్రొచ్చి ప్రార్థన చెయ్యకుండా పడుకున్నాను, అందుకే నాన్న బండికి యాక్సిడెంట్ అయింది. తమ్ముడి మీద కోపంతో "చచ్చిపో" అన్నాను, జ్వరం వచ్చింది. పసివయసులో మనసులో అనుకున్నదానికీ బయట జరిగినదానికీ మధ్య గోడ ఇంకా గట్టిపడదు. దానికి తోడు మనం రోజూ "ప్రార్థన చేస్తే అన్నీ జరుగుతాయి" అని చెప్పి ఉంటాం. చేస్తే జరుగుతాయంటే, జరగలేదంటే చెయ్యనట్టే కదా! పిల్లల లెక్కలో తప్పు లేదు. అందుకే ఒకడు ప్రార్థన అంటేనే పారిపోతాడు, ఇంకొకతె పన్నెండు దాకా మోకాళ్ళ మీద ఉంటుంది. ఇద్దరి గుండెలోనూ ఉన్నది ఒకే మాట: నా వల్లే.

కాబట్టి కష్టం వచ్చిన ఇంట్లో పిల్లలకి మొట్టమొదట చెప్పాల్సినది వాక్యం కాదు. "ఇది నీ వల్ల జరగలేదు" అన్న ముక్క. పిల్లాడు అడగకపోయినా చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు. అన్నం పెడుతూ, జడ వేస్తూ, బడికి దింపుతూ చెప్పాలి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు యేసుని అదే అడుగుతారు, ఎవరు పాపం చేశారని ఇతనికి ఇలా అయింది, ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని. ఇతడూ కాదు, కన్నవాళ్ళూ కాదు అంటాడాయన. మన ఊళ్ళలో ఇప్పటికీ ఎవరికైనా బిడ్డ పోతే "ఏ పాపం చేసుకున్నారో" అని చెవులు కొరుక్కునేవాళ్ళున్నారు. మందిరంలోనూ ఉన్నారు. ఆ గుసగుస మన పిల్లల చెవిన పడక ముందే ఈ కథ వాళ్ళకి చెప్పి ఉంచడం మంచిది.

ఇప్పుడు కాస్త కఠినంగా ఉండే మాట. మన మనసు నొచ్చుకున్నా వినాలి. కష్టంలో మనం పిల్లలకి చెప్పే వాక్యాల్లో చాలా భాగం మన కోసం చెప్పుకునేవే. బిడ్డ ఏడుస్తుంటే చూడలేం. ఆ ఏడుపు ఆగితే మన గుండె కొంచెం కుదుటపడుతుంది. అందుకని వాక్యం తీసి ఏడుపు మీద మూతలా పెట్టేస్తాం. ప్రేమతోనే పెడతాం, అందులో అనుమానం లేదు. వాక్యమూ మంచిదే. కానీ జీడిపిక్క సంగతి మన ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు కదా. పచ్చిగా కొరికితే నోరంతా పుండవుతుంది. కాల్చి, చల్లార్చి, ఒలిచి చేతిలో పెడితేనే పప్పు. "సమస్తం మన మేలు కోసమే" అన్న బోధని తండ్రి శవం లేవక ముందే పదేళ్ళ పిల్లాడి నోట్లో పెడితే వాడికి అందులో మేలు కనబడదు. నాన్న చావు మేలెలా అయిందో అర్థం కాక దేవుడంటే భయం పట్టుకుంటుంది.

బైబిల్లో కష్టాల పాలైన యోబు ముగ్గురు స్నేహితులూ, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, దూరాల నుంచి వచ్చి ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. ఆ తర్వాత నోరు తెరిచి, ఇదంతా ఎందుకు జరిగిందో వివరించడం మొదలుపెట్టాక యోబు గ్రంథం 42వ అధ్యాయం దాకా సాగింది. చివరికి దేవుడు ఎవరిని కోప్పడ్డాడు? తనని నిలదీసిన యోబుని కాదు, తన తరఫున వాదించిన స్నేహితుల్ని. ఈ సంగతి పెద్దలమైన మనకే అంతగా తలకెక్కలేదేమో అనిపిస్తుంది నాకు. పిల్లాడు దేవుడి మీద విసుక్కుంటే దేవుడి పరువు కాపాడడానికి మనం పరుగెత్తక్కర్లేదు.

"మరి ప్రశ్నలు అడగనిస్తే విశ్వాసం పోదా?" అని అడుగుతారు. ఆ భయం నాకు తెలుసు, నాలోనూ ఉంది. కానీ మన చేతిలో ఉన్న గ్రంథమే చూడండి. 150 కీర్తనల్లో మూడో వంతుకి పైగా మొరలూ, ఫిర్యాదులూ, "ఎన్నాళ్ళు" అని అడిగినవీ. 13వ కీర్తన అలాగే మొదలవుతుంది. 22వ కీర్తన మొదటి మాటనే యేసు సిలువ మీద పలికాడు. 88వ కీర్తన అయితే చీకట్లోనే మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో ఊరట కూడా లేదు. అయినా దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. విలాపవాక్యములు అని ఏకంగా ఒక పుస్తకమే ఉంది. లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. తెలిసిన ఆయనే ఏడిస్తే, తెలియని మనం ఏడవకూడదని ఎవరన్నారు? నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖించవద్దని పౌలు థెస్సలొనీకయులకి రాసిన మాట ఎత్తుకుని కొందరు కన్నీళ్ళే కూడదంటారు. ఆయన దుఃఖించవద్దని రాయలేదు. నిరీక్షణ ఉంచుకుని దుఃఖించమన్నాడు. ఆ రెండింటి మధ్య పిల్లలకి చాలా చోటు ఉంది.

తెలుగు క్రైస్తవులకి ఇది మొదటి నుంచీ తెలుసు. పురుషోత్తమ చౌదరి గారు 1803లో బెంగాలీ కుటుంబంలో పుట్టి, పర్లాకిమిడి వైపు పెరిగి, తెలుగులో పండితుడై 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. ఉన్న కులం, బంధువర్గం ఒక్కసారిగా దూరమైతే మనిషికి ఎలా ఉంటుందో ఆయనకి అనుభవం. ఆయన కీర్తనల్లో బతిమాలడం ఉంటుంది, వేడుకోవడం ఉంటుంది, తన బలహీనత ఒప్పుకోవడం ఉంటుంది. మన అమ్మమ్మలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూడకుండానే వాటిని పాడుకుంటూ వడ్లు దంచారు, బిడ్డల్ని పాతిపెట్టారు, మళ్ళీ పొలానికెళ్ళారు. ఇప్పుడు మైకుల్లో వినిపించే పాటల్లో విజయం ఎక్కువ, వేదన తక్కువ. ఇది నా ముసలి గొణుగుడు అనుకున్నా అభ్యంతరం లేదు. కానీ దుఃఖంలో ఉన్న పిల్లకి నాయనమ్మ చేత ఒక పాత కీర్తన పాడించి చూడండి, సన్నగా, సాగదీసి. ఆ పిల్ల వచ్చి ఒళ్ళో తల పెడుతుంది.

ఇక ఇంట్లో జరిగే కుటుంబ ప్రార్థన దగ్గరికి వద్దాం. సాయంత్రం చాప వేస్తాం. నాన్న కూర్చునే గోడ పక్క చోటు ఖాళీగా ఉంటుంది. అందరి కళ్ళూ అటే పోతాయి, ఎవరూ ఆ మాట ఎత్తరు. పెద్దవాళ్ళు గొంతు పెంచి గంటసేపు ప్రార్థన చేస్తారు, మధ్యలో "ప్రభువా, వీడికి మంచి బుద్ధి ఇవ్వు, చదువు మీద ధ్యాస ఇవ్వు, ఫోన్ పిచ్చి వదిలించు" అని పక్కన కళ్ళు మూసుకున్న పిల్లాడిని దేవుడికి అప్పజెబుతారు. వాడు ఒంటి కన్ను తెరిచి చూస్తాడు. ఇది ప్రార్థన ముసుగులో తిట్టడమని వాడికి తెలుసు, దేవుడికీ తెలిసే ఉంటుంది. కష్టకాలంలోనైనా ఈ అలవాటు ఆపుదాం.

దానికి బదులు ప్రార్థనని చిన్నది చేద్దాం. ఐదు నిమిషాలు చాలు. ఆ చోటు ఖాళీగా ఉందని మనమే ముందు అందాం: "ప్రభువా, ఇక్కడ ఆయన కూర్చునేవాడు. మాకు బాగాలేదు. రేపటి బియ్యం గురించి నాకు భయంగా ఉంది. మమ్మల్ని విడిచిపెట్టకు." అమ్మ నోట "నాకు భయంగా ఉంది" అన్న మాట వింటే పిల్లలు బెంబేలెత్తిపోతారని మనం అనుకుంటాం. బెంబేలెత్తేది మనం దాచినప్పుడు. అర్ధరాత్రి వంటింట్లో అమ్మ వెక్కుతున్న చప్పుడు విని, పొద్దున "ఏం లేదు నాన్నా" అన్న మాట కూడా విన్న పిల్లకి ఏది నమ్మాలో తెలియదు. భయం ఉంది, అయినా అమ్మ ఆ భయాన్ని తీసుకెళ్ళి ఒకరి ముందు పెట్టింది, పెట్టి లేచి అన్నం వండింది. పిల్లలు విశ్వాసం అంటే ఇదని కళ్ళతో చూసి నేర్చుకుంటారు. తర్వాత పిల్లాడిని "నువ్వేమైనా చెబుతావా?" అని అడుగుదాం. చెప్పనంటే సరే. "నాన్నని ఎందుకు తీసుకుపోయావు" అంటే ఆ మాటకి ఆమెన్ అందాం, సరిదిద్దొద్దు. అప్పుల సంగతి కూడా అంతే. ఎంత అప్పు, ఎవరికి ఎంత వడ్డీ అన్న లెక్కలు పిల్లలకి వద్దు, అవి మన భుజాల మీదివి. "ఈ ఏడాది క్రిస్మస్‌కి కొత్త బట్టలు ఉండవు, బడి మాత్రం ఆగదు" అన్నంత చెబితే చాలు. తెలియని భయం కంటే తెలిసిన లేమి పిల్లలకి తేలిక.

సంఘం గురించి ఒక మాట. కష్టంలో మన సంఘాలు నిజంగా నిలబడతాయి. ఎవరింట్లో చావు జరిగినా ముందు బెంచీలు, తర్వాత అన్నం గిన్నెలు వచ్చేస్తాయి. అక్కలు వచ్చి గిన్నెలు తోమి వెళ్ళిపోతారు, ఒక్క వాక్యం చెప్పకుండా. ఆ తోమిన గిన్నెలు పిల్లల మనసులో ప్రసంగాల కంటే ఎక్కువ రోజులు ఉంటాయి. కానీ ఒక అలవాటు దగ్గర మనం అడ్డు నిలబడాలి. నెల తిరగకుండానే పిల్లాడిని ముందుకు పిలిచి "దేవుడు నిన్నెలా బలపరిచాడో సాక్ష్యం చెప్పు బాబూ" అంటారు. వాడు అందరూ కోరుకున్నది చెబుతాడు, అందరూ స్తోత్రం అంటారు. ఇంటికొచ్చాక, లోపల ఉన్నది ఒకటి, బయట చెప్పింది ఒకటి అని వాడికి తెలుస్తుంది. నేను దేవుడి ముందు అబద్ధమాడాను అనే కొత్త బరువు ఆ చిన్న గుండె మీద పడుతుంది. పాస్టరు అయ్యగారికి ముందే ఒక ముక్క చెప్పి ఉంచితే చాలామంది అర్థం చేసుకుంటారు. ఎదిగే పిల్లలచేత ఉపవాసాలు చేయించడం కూడా అలాంటిదే. చేస్తే మనం చేద్దాం, పిల్లలకి మాత్రం వేళకి అన్నం పెడదాం.

సంఘం ఇచ్చే మంచివాటిలో ఈస్టర్ తెల్లవారుజాము ఒకటి. ముందు రోజుల్లో సమాధుల దగ్గర గడ్డి పీకి, సున్నం వేస్తాం. ఆ పని పిల్లలకి ఇవ్వండి. చిన్న బకెట్లో సున్నం కలిపి బ్రష్ చేతికిస్తే, నాన్న పేరున్న చోట అక్షరాల మీద పడకుండా నాలుక బయటపెట్టి ఎంత జాగ్రత్తగా వేస్తాడో చూడండి. దుఃఖానికి చేతులతో చేసే పని దొరికితే అది కొంచెం దారికొస్తుంది. ఇంకా చీకటి ఉండగానే కొవ్వొత్తులు వెలిగించి పునరుత్థానం పాటలు పాడుతుంటే, వాడికి ఆ రోజు అర్థమైనంత అర్థమవుతుంది. పరీక్ష పెట్టి అడగొద్దు.

మన ఇళ్ళలో చాలా చోట్ల అమ్మవైపు వాళ్ళు మందిరానికి, నాన్నవైపు వాళ్ళు గుడికి వెళ్తారు. చావు వచ్చినప్పుడు గొడవ అక్కడే మొదలవుతుంది: సమాధా, దహనమా, పెద్దకర్మ చెయ్యాలా, జ్ఞాపకార్థ కూడిక పెట్టాలా. పెద్దల వాదనలో పిల్లాడికి వినిపించేది ఒక్కటే, నాన్న ఇప్పుడు ఎవరి వైపు ఉన్నాడు అని. మన విశ్వాసం మనం వదులుకోనక్కర్లేదు. కానీ నాయనమ్మ కొడుకు ఫొటో ముందు దీపం పెట్టి ఏడుస్తుంటే మనవడిని చెయ్యి పట్టి లాక్కురాకండి. ఆమెకీ బిడ్డే పోయాడు. పక్కన కూర్చోనివ్వండి.

ఇప్పుడు రెండో కఠినమైన మాట, మొదటిదానికంటే బరువైనది. క్రైస్తవ ఇంట్లో పెరిగిన పిల్ల "నేను కూడా యేసయ్య దగ్గరికి వెళ్ళిపోతాను" అంటే మనకి అది భక్తిలా వినిపిస్తుంది. "నాన్న దగ్గరికి వెళ్ళాలని ఉంది" అంటే ప్రేమలా వినిపిస్తుంది. చాలాసార్లు అంతే కావచ్చు. కానీ ఒక్కసారైనా పక్కన కూర్చుని నెమ్మదిగా, సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడొద్దు. అడగడం వల్ల పుట్టదు. లోపల ఉంటే మాత్రం బయటికి రావడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఆ రాత్రి పిల్లని ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే తీసెయ్యాలి, ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వారాల తరబడి నిద్రపట్టకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, తిండి మానేయడం, చేతులు పదేపదే కడుక్కోవడం, ఒక్క మాట తప్పితే ప్రార్థన మొదటి నుంచీ మొదలుపెట్టడం కూడా డాక్టరుకి చూపించాల్సినవే.

మన ఏరియా ఆస్పత్రిలో ముందు చూపించండి. అవసరమైతే విశాఖలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు ఏ వేళలోనైనా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. పిల్లలకి ఏ ఆపద వచ్చినా 1098 ఉంది. "మా బిడ్డకి పిచ్చా?" అని కుంగిపోకండి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడం విశ్వాసం తక్కువై కాదు. ఫిట్స్ వచ్చే పిల్లలకి ప్రార్థన చేయించామని మాత్రలు ఆపేసిన ఇళ్ళున్నాయి. ఆపగానే ఫిట్స్ మరింత గట్టిగా తిరగబడతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మన తాతల కాలంలో ఈ జిల్లాలకి సువార్త తెచ్చిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలే పిఠాపురంలో, ఆకివీడులో, వుయ్యూరులో ఆస్పత్రులు కట్టారు. మందు పోసే ముందు ప్రార్థన చేశారు, ప్రార్థన చేశాక మందు పోశారు. ఏలీయా ప్రవక్త చావాలని కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందు ఏం చేశాడో 1 రాజులు 19లో ఉంది. దూత చేత రొట్టె, నీళ్ళు పంపి తినమన్నాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినిపించాడు. మాట్లాడడం ఆ తర్వాతే. పిల్లలకైనా అదే వరస: నిద్ర, తిండి, వేళకి బడి, తర్వాత మాటలు.

పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళ సంగతి వేరు. వాళ్ళు అడగరు, మానేస్తారు. "నేను రాను, మీరెళ్ళండి" అంటాడు ఆదివారం పొద్దున, మంచం మీద అటు తిరిగి. అప్పుడు మన గుండె జారిపోతుంది. భర్త పోయిన బాధకి తోడు కొడుకు దారి తప్పుతున్నాడన్న బాధ. బతిమాలతాం, ఏడుస్తాం, "నాన్న ఉంటే ఇలా చేసేవాడివా" అంటాం. ఆ ఆఖరి మాట మాత్రం వద్దు. పోయినవాళ్ళని బెత్తంలా వాడకూడదు. వాడు దేవుణ్ణి లేడనడం లేదు. ఉన్నాడనుకుంటున్నాడు కాబట్టే కోపం. లేనివాడి మీద ఎవరూ అలగరు. ఆ అలక నెలలు ఉండొచ్చు, ఏళ్ళు ఉండొచ్చు, కొందరికి తీరకపోవచ్చు కూడా. తీరుతుందని నేను మాట ఇవ్వలేను. మన చేతిలో ఉన్నదల్లా తలుపు మూయకుండా ఉంచడం, వాడి ముందు మన విశ్వాసాన్ని మనం నిజాయితీగా బతకడం.

వాడిని లాక్కెళ్ళొద్దు, అలాగని లెక్కలోంచి తీసెయ్యనూ వద్దు. ప్రార్థనలో కూర్చోకపోయినా అన్నం దగ్గర కూర్చోవాలని చెప్పండి. ఎవరింట్లోనైనా కూడిక ఉంటే కుర్చీలు మోసే పని, కరెంటు వైరు లాగే పని ఇవ్వండి. ఆ పనుల్లో ఉన్నప్పుడు సంఘంలోని ఏ అన్నయ్యో వాడితో క్రికెట్ గురించి మాట్లాడతాడు, అది చాలు. ఆదివారం ఆరాధనకి లోపలికి రానంటే రావద్దు. పన్నెండున్నరకి మందిరం బయటికి వచ్చి, నాయనమ్మని ఆటో ఎక్కించి ఇంటికి తీసుకురావడం మాత్రం వాడి పని అని చెప్పి పంపండి.